మిద్దె మీది కట్టెలు

వంటపనికి గల్ఫ్ పోయే మా వైపు పిల్లలు వీసా చేతికొచ్చాక ఒకసారి నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. మెస్సులో పని ఎట్లా ఉంటుంది, పనిలో పెట్టుకున్న కఫీల్ కోపిష్టి అయితే ఎట్లా నెగ్గుకు రావాలి, ఎండాకాలంలో పొయ్యిల ముందు ఎట్లా నిలబడాలి అని అడుగుతారు. తెలిసినంత చెప్తాను. లేచి వెళ్లేముందు మాత్రం అందరూ ఒకటే మాట అడుగుతారు.

"కాకా, నువ్వు దుబాయికెల్లి హిమాలయాలు ఎక్కినవట గద?"

నేను పోయింది దుబాయి కాదు, బహ్రెయిన్. కానీ మా ఊళ్లో ఎవరు ఏ దేశం పోయినా దుబాయే. హిమాలయాల మాట మాత్రం నిజం. ఎక్కాను అనడం ఎక్కువ గానీ, పోయాను. గోడ మీద ఫొటో కూడా ఉంది. ఎర్ర జాకెట్టు, వెనక మంచుకొండ, మొహం నిండా నవ్వు. "మస్తు సలి బిడ్డా" అని చెప్పి పంపించేస్తుంటాను. ఆ ఫొటో దిగాక ఏం జరిగిందో ఎవరికీ చెప్పను. మీరు కూడా రేపు ఎవరి పొయ్యి ముందో నిలబడబోయేవాళ్లే కదా అని ఇప్పుడు చెప్తున్నాను.

అస్కర్ దగ్గర ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపులో నేను హెడ్ కుక్‌ని. పక్కనే ఉన్న అల్యూమినియం ఫ్యాక్టరీలో డ్యూటీలు చేసి వచ్చే మనుషులకు మూడు పూటలా వండి పెట్టడం మా పని. అందరూ నన్ను మాస్టర్ అనేవారు. నా పప్పుకు పేరుంది. మన జగిత్యాల వాళ్ల సంగతి సరే, మలయాళీలు, బీహారీలు, బంగ్లాదేశీలు కూడా గిన్నె చాచి మళ్లీ వేయించుకునేవారు. కుక్కర్‌లో పప్పు ఉడికించడం నాకు కిట్టదు. పెద్ద బగోనెలో పోసి, మూత ఓరగా పెట్టి, నురుగు తీసుకుంటూ దగ్గరుండి ఉడికించాలి. కుక్కర్‌లో ఉడికించేవాడు వంటవాడే కాదని పదిమందిలో అనేవాణ్ని కూడా.

మంట గురించి ఎన్నడూ ఆలోచించింది లేదు. మెస్సు వెనకే గ్యాస్ ట్యాంకు. నాబ్ తిప్పితే పొయ్యి భగ్గుమనేది. బండెక్కి ఎడారిలోకి పోతే ఆయిల్ బావుల దగ్గర గొట్టాల చివర పట్టపగలే మంటలు ఊరికే మండుతుండేవి. అక్కడ ఉన్నన్నేళ్లలో నేను కట్టె ముట్టుకున్న గుర్తు లేదు.

మా ప్రాజెక్టు మేనేజరు గోదావరి జిల్లాల మనిషి. బుదైయాలో తోట పక్కన విల్లాలో ఉండేవాడు. ఆయనకు కడుపులో అల్సర్. బయటి తిండి ఒక్క పూట తిన్నా పడదు. అందుకని వాళ్లింట్లో ఎవరైనా చుట్టాలు వస్తే నన్ను పిలిపించి వండించుకునేవాడు. కంపెనీ సేఫ్టీ ఆఫీసరేమో బహ్రెయినీ. వయసులో చిన్నవాడు, మంచివాడు, నడకంటే పిచ్చి. ఆ దేశంలో కొండ అని చెప్పుకోవడానికి దుఖాన్ ఒక్కటే ఉంది. దాన్ని కొండ అంటే మా ఊరి గుట్ట నవ్వుతుంది. సెలవు రోజు తెల్లారేసరికి దాని మీద ఉండేవాడాయన. ఆయనే ఆఫీసు వాళ్లను పోగేసి నేపాల్ ట్రెక్కింగ్ ఒకటి కుదిర్చాడు. గైడు వెంట ఉంటాడు, కొండల్లో ఊరి నుంచి ఊరికి నింపాదిగా నడవడం, పైకి పోయాక ఊళ్లవాళ్ల ఇళ్లలోనే బస.

మేనేజరు ముందు రానన్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"నువ్వొస్తే నేనొస్తానయ్యా మాస్టర్. లేదంటే అక్కడ ఆ నూడుల్సు తిని నేను తిరిగి రాను. మూడు పూటలా కాస్త పప్పూ అన్నం పడేస్తే చాలు నాకు."

ఆ సంగతి క్యాంపంతా పాకింది. కూలి డ్యూటీకొచ్చిన వాళ్లలో ఆఫీసోళ్లతో విమానమెక్కి టూరు పోతున్న మొదటి మనిషిని నేనే. మనామా బజారులో జాకెట్టు కోసం తిరిగితే దుకాణదారు నా వైపు వింతగా చూసి లోపల ఎక్కడో మూలనుంచి ఒకటి దులిపి తెచ్చాడు. దాన్ని వేసుకుని చెమటలు కక్కుతూ ఇంటికి వీడియో కాల్ చేశాను.

మెస్సులో నా తర్వాతి కుక్కు నేపాలీ. నా వయసువాడే. రొట్టెల పని అతనిది. ఎన్నో ఏళ్లుగా పక్కపక్క పొయ్యిల మీద పనిచేశాం. మాది హిందీ మాట. అతను నా బ్యాగులో తన సొంత కుక్కర్ పెట్టాడు.

"భాయ్, మాది కింద మైదానం. కొండలు నేను కూడా నీలాగే దూరం నుంచి చూసినవాణ్నే. కానీ పోయొచ్చినవాళ్లు చెప్తారు, పైన పప్పు ఉడకదట. నీళ్లు మరుగుతాయి గానీ వేడి చాలదట. ఇది తీసుకెళ్లు."

"నా చేతిల ఉడుకని పప్పు ఉన్నదా?" అన్నాను.

అతను పక్కకు పోగానే కుక్కర్ తీసి మంచం కిందికి తోశాను. ఆ చోటులో ఆవకాయ డబ్బా పట్టింది.

ఖాట్మండు నుంచి చిన్న విమానం, తర్వాత జీపు, ఆ తర్వాత నడక. సామాన్ కంచర గాడిదల మీద వచ్చేది. మా గైడు నలభై దాటినవాడు. ఖతార్‌లో సెక్యూరిటీ గార్డుగా కొన్నేళ్లు చేసి, చాలనుకుని తన కొండలకే తిరిగొచ్చాడు. అందుకే నాతో కలిసిపోయాడు. "క్యాంపు తిండి తిన్న మనుషులం మనం" అనేవాడు.

మొదట్లో దిగిన ఊళ్లలో లాడ్జీలున్నాయి. గ్యాసు ఉంది, వాళ్ల వంటవాళ్లున్నారు. పప్పు ఆలస్యంగానైనా ఉడికింది. మేనేజరు లొట్టలు వేస్తూ తిని, "చూశారా, మా మాస్టర్ చెయ్యి పడితే హిమాలయమైనా ఒకటే" అని అందరి ముందూ అనేవాడు. నేను కాళ్లు నొప్పులు పెడుతున్నా ఛాతీ విరుచుకుని నడిచేవాణ్ని. ఆ ఫొటో అప్పటిదే.

పైకి పోయేకొద్దీ చెట్లు పలచబడి, ఒకచోట పూర్తిగా ఆగిపోయాయి. ఆ తర్వాత రాయి, దుమ్ము, గాలి. అడుగు తీసి అడుగు వేస్తే ఆయాసం. సాయంత్రానికి చేరిన ఊరు మట్టి రంగు కొండకు అతుక్కున్న మట్టి రంగు ఇళ్లు. అన్నీ మిద్దెలే. ప్రతి మిద్దె అంచునా చుట్టూ పిట్టగోడలాగా కట్టెలు పేర్చి ఉన్నాయి. ఒకే పొడుగున చీల్చి, ఒకదాని మీద ఒకటి ఎంత ముచ్చటగా పేర్చారో. ఎండకు, వానకు బూడిద రంగు తిరిగాయి. చూడగానే నేను అనుకున్నది ఒకటే. కట్టెలకు కరువు లేదు.

మేం దిగిన ఇంట్లో ఇద్దరే. ముసలాయన, ఆయన కోడలు. కొడుకు ఎక్కడో పట్నంలో పనిలో ఉన్నాడట. పిల్లలు కింద హాస్టల్లో చదువుకుంటున్నారు. కోడలికి నలభై ఉంటాయేమో. చేతులు పగిలి ఉన్నాయి. వచ్చీ రాగానే అందరికీ వేడి చాయ్ ఇచ్చి, పొయ్యికి దగ్గరి చోటు మాకు వదిలి, వాళ్లిద్దరూ తలుపు పక్కకు జరిగారు.

మర్నాడు అక్కడే విశ్రాంతి. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడాలని గైడు నియమం. అందరూ ఊరి మీదున్న పాత గుడి చూడ్డానికి బయలుదేరుతున్నారు. నేను వంటకు ఉండిపోయాను. దారి కొట్టుకుపోవడం వల్ల ఆ ఊరికి గ్యాసు రావడం లేదు. కోడలు నాకు మట్టి పొయ్యి చూపించింది. పక్కన గంప నిండా ఎండిన పేడ. మా పిడకలకంటే ముతకగా, గడ్డలు గడ్డలుగా ఉంది. ఒక చిన్న కుక్కర్ కూడా తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టింది.

మా అమ్మ పిడకల మీదే వండేది. ఆ పొగ వాసన నాకు తెలియనిది కాదు. పదో తరగతి అయ్యేదాకా ఆ అన్నమే తిన్నాను. కానీ గుమ్మంలో మేనేజరు బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. ఆయన వినేలాగా గైడుతో హిందీలో అన్నాను.

"సార్ల అన్నం పేడ మీద వండుమంటవా భాయ్? ఇగ ఆ కుక్కర్ల వాళ్లు ఏమేం మాంసం వండుకున్నరో. అది నాకద్దు."

కోడలు గంప ఎత్తి మూలన పెట్టింది. కుక్కర్ తీసుకెళ్లి దాని స్థానంలో బోర్లించింది. పలుగు, బుట్ట తీసుకుని బంగాళాదుంపలు తవ్వడానికి చేనుకు పోయింది. గైడు మావాళ్లతో పోయాడు. ఇంట్లో నేను, మిద్దె మీద ముసలాయన మిగిలాం.

గంట్లు పెట్టిన మొద్దే అక్కడ నిచ్చెన. దాని మీద పాక్కుంటూ మిద్దె ఎక్కాను. ముసలాయన ఎండలో గోడకు ఆనుకుని జపమాల తిప్పుతున్నాడు. నేను నమస్తే పెట్టి, అంచున ఉన్న కట్టెల్లోంచి ఒక మోపు తీసి భుజానికెత్తుకున్నాను. ఆయన జపం ఆపాడు. ఏదో అన్నాడు. వాళ్ల భాష నాకు రాదు. ఆయన కట్టెల వైపు చెయ్యి చూపించాడు. తర్వాత అదే చేత్తో తన రొమ్ము తట్టుకున్నాడు. తర్వాత తల పక్కకు వాల్చి, అరచెయ్యి చెంప కింద పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

నాకు అర్థమైంది ఇది. ఈ కట్టెలు నేనే కొట్టాను, అలిసిపోయాను, ఇక పడుకుంటాను.

"షాబాష్ బాబా, షాబాష్" అన్నాను. నవ్వి, బొటనవేలు పైకెత్తి చూపించాను.

ఆయన కళ్లు తెరిచి నన్ను కాసేపు చూశాడు. తర్వాత ఆయన కూడా నవ్వాడు.

ఆ కట్టెలు ఎట్లా మండాయో చెప్పలేను. పొగ లేదు, చిటపట లేదు. ముందు సార్ల స్నానానికి నీళ్లు కాచాను. గుడి నుంచి వచ్చాక కావాలని పొద్దున్నే చెప్పి పోయారు. అన్నం ఎసరు పెట్టాను. ఆ తర్వాత పప్పు. బగోనెలో నీళ్లు తొందరగానే తెర్లాయి. పప్పు గింజలు గిరగిరా తిరుగుతున్నాయి. కానీ ఒక గింజ తీసి నొక్కితే రాయి. మంట చాలలేదనుకుని మళ్లీ మిద్దె ఎక్కాను. మళ్లీ నొక్కాను. మళ్లీ ఎక్కాను. పొద్దు నడినెత్తిన ఉండగా మొదలుపెట్టినవాణ్ని, కొండల మీద ఎండ పచ్చబడేదాకా మంట వేస్తూనే ఉన్నాను. ప్రతిసారీ ముసలాయన నన్ను చూసేవాడు. నేను ఆయాసంతోనే నవ్వేవాణ్ని. చివరిసారి దిగేటప్పుడు చూస్తే మిద్దెకు దక్షిణం వైపు అంచు మొత్తం బోసిపోయి ఉంది. అవతల లోయ కనబడుతోంది. అయినా నాకు పప్పు మీదే ధ్యాస.

మావాళ్లు పొద్దు వాలాక గుడి నుంచి వచ్చి, స్నానాలు చేసి భోజనానికి కూర్చున్నారు. మేనేజరు పప్పు కలిపి ముద్ద పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏంటయ్యా మాస్టర్ ఇది? గులకరాళ్లు కలిపినట్టుంది."

"పైన గాలి మంచిగ లేదు సార్. మంట నిలుస్తలేదు" అని అబద్ధమాడాను.

సేఫ్టీ సార్ నవ్వి ఆవకాయ వేసుకుని తినడం మొదలుపెట్టాడు. అప్పుడే కోడలు దుంపల బుట్టతో వాకిట్లోకి వచ్చింది. తల ఎత్తి మిద్దె వైపు చూసింది. బుట్ట దించకుండానే కొంచెంసేపు అట్లాగే నిలబడింది. తర్వాత బుట్ట దించి మిద్దె ఎక్కింది. మామగారితో ఏదో మాట్లాడడం వినబడింది. దిగి వచ్చి గైడును బయటికి పిలిచింది. గైడు లోపలికి వచ్చి తిన్నగా నా ముందు నిలబడ్డాడు.

"భాయ్, పైనున్న కట్టెలు వాడావా?"

"అవు. ఎందుకు, వాడద్దా?"

"అవి వంటకు కాదు."

అతను చెప్పింది మేమందరం విన్నాం. ఆ ఊళ్లో పోయినవాళ్లను కొందరిని పూడుస్తారు, కొందరిని కాలుస్తారు. ఈ ముసలాయనకు నిప్పే అని లామా ఏనాడో చెప్పాడు. ఈయన పడుచువాడుగా ఉన్నప్పుడు ఈయన తండ్రి చలికాలంలో పోతే ఇంట్లో కట్టెల్లేవు. చెట్లున్న చోటు ఎంతో కిందికి. తండ్రిని ఇంట్లో ఉంచుకుని, మంచులో ఇల్లిల్లూ తిరిగి, ఒక్కొక్క కట్టె అడుక్కొచ్చి దహనం చేశాడు. నా చావుకు నా వాళ్లెవరూ ఒకరి గుమ్మం తొక్కకూడదని అప్పుడే అనుకున్నాడు. అడవిలో కట్టెలు కొట్టడానికి ఊరు ఏటా కొన్ని రోజులే ఒప్పుకుంటుంది. ఆ కొన్ని రోజుల్లో ఇంటి అవసరాలు పోను, ఏడాదికి కొంచెం కొంచెంగా తన వీపు మీద తెచ్చుకుని పేర్చుకున్నాడు. దక్షిణం వైపు అంచు మొత్తం ఆయనదే.

ఆయన రొమ్ము తట్టుకున్నదీ, కళ్లు మూసుకున్నదీ అప్పుడు నాకు అర్థమయ్యాయి.

ముందుగా నోరు తెరిచింది మేనేజరే.

"అంటే చితి కట్టెల మీద వండి నాకు పెట్టావా?"

కంచం తోసేసి వాకిట్లోకి పోయి నోరు పుక్కిలించాడు. పుక్కిలించిన ఆ గోరువెచ్చని నీళ్లు కూడా ఆ కట్టెల మీద కాచినవేనని గుర్తొచ్చిందేమో, చెంబు విసిరేశాడు. "నీకు బుద్ధుందా? అడగొద్దూ? స్నానం కూడా వాటితోనేనా? రామ రామ!" అని అరుస్తూనే ఉన్నాడు. ముసలాయన గురించి ఒక్క మాట లేదు.

ఆయన్ని అనడానికి నాకు నోరు లేదు. నాకు మొదట వచ్చిన ఆలోచన కూడా ముసలాయన గురించి కాదు. బహ్రెయిన్ పోగానే ఈయన నన్ను ఖలాస్ చేయించి ఇంటికి పంపుతాడేమో అని. ఆ భయంతోనే "మాఫ్ చేయుండ్రి సార్, మాఫ్ చేయుండ్రి" అని మేనేజరు వెంట వాకిట్లో తిరిగాను. మిద్దె మీదికి మాత్రం పోలేదు.

పోయింది సేఫ్టీ సార్. మొద్దు నిచ్చెన ఎక్కి ముసలాయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని తన అరబ్బీలోనే ఏదో చెప్పాడు. ముసలాయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా వీపు నిమిరి, అతని చెయ్యి పట్టుకునే కిందికి దిగాడు. పొయ్యి దగ్గర కూర్చుని, నా పప్పు గింజ ఒకటి తీసి పంటి కింద పెట్టి కొరికి చూశాడు. గైడుతో ఏదో అన్నాడు. గైడు చెప్పాడు.

"ఇప్పుడప్పుడే చావడానికి వీల్లేకుండా చేశాడు మీ వంటవాడు, నాకు ఇంకా ఆయుష్షు పోశాడు అంటున్నాడు."

సేఫ్టీ సార్ నవ్వాడు. మిగిలినవాళ్లు కూడా నవ్వారు. గది తేలికపడింది.

"ఆయన ఎందుకు ఆపలేదు?" అని నేను గైడును అడిగాను.

"చెప్పి చూశాడట. నువ్వు నవ్వావట. పొయ్యి మీద నీళ్లు ఎక్కాక అతిథిని మంట ఆపమని ఎట్లా అనాలి అంటున్నాడు."

కోడలు నవ్వలేదు. గిన్నెలు సర్దుతూ నా వైపు తిరిగింది. అప్పటిదాకా ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు హిందీలో మాట్లాడింది. సినిమాల్లో విని నేర్చుకున్న హిందీ, కానీ శుభ్రంగా ఉంది.

"అన్నా, నేను పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ కట్టెల్లో ఒక్కటి కూడా ముట్టుకోలేదు. ఒక ఏడాది మంచు తలుపు దాకా పడింది. పిల్లలు చలికి ఏడ్చారు. అప్పుడు కూడా పేడతోనే గడిపాం."

పొద్దున నేను అన్న మాటలన్నీ ఆమెకు అర్థమయ్యాయన్నమాట. పేడ గురించి, కుక్కర్ గురించి. నేను ఆమె మొహం చూడలేక పొయ్యిలో మిగిలిన నిప్పులు చూస్తూ కూర్చున్నాను. అవి కూడా ఆ కట్టెలవే.

మర్నాడు అందరూ కనుమ దాకా పోయి సాయంత్రానికి తిరిగి రావాలి. నేను కట్టెలకు పోతానన్నాను. కొట్టే రోజులు అయిపోయాయని, పడిపోయిన కొమ్మలు ఏరుకోవడానికి మాత్రం అభ్యంతరం లేదని గైడు చెప్పాడు.

"మరి మాకెవరు వండుతారు?" అన్నాడు మేనేజరు.

"యల్లా ముదీర్, ఇవాళ వీళ్లు తినేదే మనమూ తిందాం" మేనేజరుతో అన్నాడు సేఫ్టీ సార్.

కోడలు ఉడికించిన దుంపలు, ఉప్పూ కారం మూట కట్టి ఇచ్చింది. మేనేజరు అవే తిన్నాడు. పేడ మంట మీద ఉడికినవే. ఆయన కడుపుకు ఏమీ కాలేదు.

కోడలికి కింద పొలం పనేదో ఉండి నాతో దిగింది. చెట్లు మొదలయ్యే చోటు చేరడానికే చాలా పొద్దు పట్టింది. దిగడం తేలికే. కొమ్మలు ఏరి తాడు కట్టాను. చిన్న మోపు. మా ఊళ్లో బడి పిల్లలు కూడా అంతకంటే ఎక్కువ మోస్తారు. అది ఎత్తుకుని పైకి పట్టుమని పది అడుగులు కూడా నడవలేకపోయాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. రాయి మీద కూలబడ్డాను. కోడలు నా మోపు తీసి తన వీపు మీది బుట్ట మీద పెట్టుకుంది. నుదుటికి పట్టీ వేసుకుని ముందు నడిచింది. నేను ఉత్త చేతులతో వెనక నడిచాను. ఆమె మధ్యమధ్య ఆగేది. తనకోసం కాదు, నా కోసం.

తర్వాత నేను చేసింది చెప్పకుండా ఉంటే బాగుండునని ఉంది. ఊరు కనబడగానే, ఆఖరి మలుపు దగ్గర, ఆమెను ఆపాను.

"చెల్లె, ఇగ ఇటియ్యి. ఇక్కడికెల్లి నేను తెస్త."

మావాళ్లు తిరిగొచ్చి వాకిట్లో కూర్చుని ఉంటారు. వాళ్ల ముందు ఉత్త చేతులతో పోవడానికి నాకు మొహం చెల్లలేదు. ఆమె నన్నొకసారి చూసి మోపు దించి ఇచ్చింది. నేను దాన్ని నెత్తిన పెట్టుకుని, కొంచెం తూలుతూ, ఊళ్లోకి నడిచాను. మావాళ్లు చప్పట్లు కొట్టారు. మేనేజరు కూడా "సర్లే, సర్లే" అన్నాడు.

మోపు మిద్దె మీదికి చేర్చి దక్షిణం అంచున పెట్టాను. ఆ బోసి అంచు మీద అది పిచ్చుక గూడంత ఉంది. సన్న కొమ్మలు, వంకరవి. ముసలాయన ఎప్పటి చోటే కూర్చుని ఉన్నాడు. మోపును అటూ ఇటూ చూసి ఏదో అన్నాడు. నాతో ఎక్కిన గైడు దాన్ని హిందీలో చెప్పాడు.

"దీంతో ఒక కాలు కాలుతుందట."

నేను నవ్వబోయాను. ముసలాయన ఇంకేదో అని కింద లోయ వైపు చెయ్యి చూపించాడు. ఆ కూర్చున్న చోటు నుంచి దారి మొత్తం, చెట్ల దాకా, మలుపు మలుపూ కనబడుతోంది. గైడు వెంటనే చెప్పలేదు. ఏమన్నాడని అడిగితే అప్పుడు చెప్పాడు.

"ఇక్కణ్నుంచి అంతా కనబడుతుంది అంటున్నాడు."

ముసలాయన మాత్రం నా భుజం తట్టి, పక్కన చోటు చూపించి కూర్చోమన్నాడు. ఎండ పోయేదాకా అక్కడే కూర్చున్నాను.

ఉద్యోగం పోలేదు. మేనేజరు మనసులో పెట్టుకునే మనిషి కాదు. పైగా తిరిగొచ్చాక ఆ కథ ఆయనకు భలే పనికొచ్చింది. బుదైయా విల్లాలో విందులకు నేనే వండేవాణ్ని కదా, నేను వడ్డిస్తుండగానే మొదలుపెట్టేవాడు. "మా మాస్టర్ మామూలోడు కాదండీ, నాకు చితి మీద వండి పెట్టాడు. అయినా పప్పు ఉడకలేదు!" అందరూ పగలబడి నవ్వేవారు. నేను కూడా గరిట పట్టుకుని నవ్వేవాణ్ని. ఇంకోసారి చెప్పమని ఎవరైనా అడిగితే, మధ్యలో ఆయన మరిచిన ముక్క నేనే అందించేవాణ్ని. దక్షిణం అంచు ఎవరిదన్న సంగతి మాత్రం ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అది చెప్తే నవ్వు రాదు.

నేపాలీ కుక్కుకు అంతా చెప్పాను. కుక్కర్ సంగతి ఎత్తి 'నేను చెప్పానా లేదా' అంటాడనుకున్నాను. రొట్టె కాలుస్తూనే విన్నాడు.

"మాఫీ అడిగావా?"

"మోపు తెచ్చి పెట్టిన గద."

"అది కాదు భాయ్. నోటితో అడిగావా?"

అడగలేదు. నాకు అప్పుడే గుర్తొచ్చింది. మేనేజరును అడిగాను, వాకిలంతా తిరిగి అడిగాను. ఆ ఇంట్లో ఇద్దరినీ అడగలేదు.

అడగాలని అప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నాను. గైడు నంబరు నా ఫోన్లో ఉంది. పండగలకు ఇద్దరం మెసేజీలు పెట్టుకునేవాళ్లం. ఆ ఊళ్లో సిగ్నల్ ఉండదని, ఈసారి అతను పైకి పోయినప్పుడు చూద్దామని నాకు నేనే చెప్పుకునేవాణ్ని. ఏడాది అట్లాగే గడిచింది. ఒకనాడు పొద్దున్నే అతనే ఫోన్ చేశాడు. గాలి హోరులో మాట తెగుతోంది.

"భాయ్, ఆ ఊళ్లోనే ఉన్నాను. టవర్ వేశారు ఇప్పుడు. ముసలాయన పోయాడు. చలికాలం చివర్లో. నీకు చెప్పాలనిపించింది."

నేను అడగదలచుకోని మాటే నోటి నుంచి వచ్చింది.

"మరి కట్టెలు?"

"ఏమీ తక్కువ కాలేదు, నువ్వేం మనసులో పెట్టుకోకు. ఊళ్లో ప్రతి ఇల్లూ తమ మిద్దె మీంచి ఇచ్చింది. బాగా జరిగిందట."

అతను నా మనసు కుదుటపడాలనే చెప్పాడు.

"అడగనీకి ఎవలు పోయిండ్రు?" అన్నాను.

"ఎవరు పోతారు భాయ్, కోడలే. మంచులో, ఇల్లిల్లూ."

అతనే మళ్లీ అన్నాడు. "ఇక్కడే ఉంది, నా పక్కనే. నువ్వెట్లా ఉన్నావని అడుగుతోంది. మాట్లాడతావా? ఇస్తున్నాను ఉండు."

డ్యూటీ టైమైందని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ రోజు నాకు సెలవు.